భీతప్రాణికి అభయం: దీపావళి రాత్రి ఒక శునకం

గత ఆదివారం గీతా సత్సంగం ముగిసి అందరూ లేచే వేళ, వెనుక వరుసలో కూర్చున్న ఒక తల్లి సంకోచిస్తూనే ఒక ప్రశ్న అడిగినది. "మాస్టారూ, మా ఇంట్లో ఒక కుక్క ఉందండీ. దీపావళి వచ్చిందంటే మంచం కిందికి దూరి రెండు రోజులు అన్నం ముట్టదు. ఒకటే వణుకు. ఏదైనా మంత్రం చదివితే దాని భయం పోతుందా?" సభలో కొందరు నవ్వినారు.

అంతసేపూ మేము చెప్పుకొన్నది దైవాసుర సంపద్విభాగ యోగం. ఆ అధ్యాయారంభంలో దైవీ సంపదకు చెందిన గుణాలను గణిస్తూ భగవానుడు అన్నింటికంటె ముందు నిలిపినది అభయాన్ని. గంటసేపు అభయాన్ని గూర్చి విన్నవారు, భయపడే ప్రాణి ఒకటి ప్రస్తావనకు రాగానే నవ్వినారు. వారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. పది సంవత్సరాల క్రితమైతే ఆ నవ్వులో నా గొంతు కూడ కలిసి ఉండేది. ఆ తల్లికి నిలుచున్న పాటున రెండు మాటలు చెప్పినాను కాని, అవి చాలవని ఇంటికి వచ్చిన తరువాత తోచినది. కొంత వివరంగా వ్రాస్తున్నాను.

మా ఇంటిలో చిట్టి అనే శునకం ఉన్నది. జాతికుక్క కాదు, వీధిలో తల్లిని కోల్పోయిన పిల్లను మా అమ్మాయి ఒడిలో పెట్టుకొని తెచ్చినది. నేను మడి, ఆచారం పాటించేవాడిని కనుక ఆనాడే ఒక నియమం విధించినాను: వరండా దాటి లోపలికి రాకూడదు. ఆ సంవత్సరం దీపావళి నాటి సాయంకాలం లక్ష్మీపూజకు కూర్చున్నాను. వీధిలో లక్ష్మీ బాంబులు మొదలైనవి. చిట్టి నియమం మరచి లోపలికి పరుగెత్తి వచ్చి పూజగది తలుపును గోళ్ళతో గీరడం మొదలుపెట్టినది. నేను లేచి, దానిని ఈడ్చుకొని పోయి పెరటిలోని జామచెట్టుకు కట్టివేసినాను. "ఏం కాదు, ఊరుకో" అని గద్దించి, కాళ్ళు కడుగుకొని మళ్ళీ ఆసనం మీద కూర్చున్నాను. లలితా సహస్రనామ పారాయణం. పెరటిలో దాని ఆర్తనాదం వినవస్తూనే ఉన్నది. అది చెవిన పడకుండ గొంతు పెంచి చదివినాను. ఆ నామాలలో భయాపహా అని ఒక నామం ఉన్నది. దానిని కూడ ఆ గొంతుతోనే చదివి ఉంటాను.

నీరాజనం ఇచ్చి పెరటిలోనికి వెళ్ళి చూస్తే తెగిన తాడు మాత్రం ఉన్నది. మూడవనాటి ఉదయం మా రాజమహేంద్రవరం కోటిలింగాల రేవు మెట్ల మూల ముడుచుకొని కనబడినది. అరికాళ్ళ చర్మం ఒలిచినట్లు అయినది. నేను పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తలేదు. అమ్మాయి పిలిస్తే నేల మీద పాకుతూ ఆమె దగ్గరకు వెళ్ళినది. నేను సమీపిస్తే మరింత ముడుచుకొన్నది. నలుబది సంవత్సరాల నిత్యపూజ తరువాత నా సన్నిధి ఒక ప్రాణికి భయహేతువైనది అని ఆ రేవులో నాకు తెలిసినది.

మహాభారత కథ ఎక్కడ ఆరంభమవుతుందో చాలమందికి గుర్తుండదు. పాండవులు రాకముందే, వ్యాసుడు రాకముందే, ఆదిపర్వంలో పౌష్యోపాఖ్యానం ముంగిట ఒక కుక్కపిల్ల ఉన్నది. కురుక్షేత్రంలో జనమేజయుడు సత్రయాగం చేస్తుండగా దేవశుని సరమ కుమారుడు అక్కడికి వస్తాడు. రాజసోదరులు దానిని కొడతారు. అది ఏడ్చుకొంటూ తల్లి దగ్గరకు పోయి, నేను హవిస్సు వంక చూడనైనా లేదు, నాకనూ లేదు అని చెప్పుకొంటుంది. సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని ఎందుకు కొట్టినారు అని అడుగుతుంది. ఎవ్వరూ బదులు పలుకరు. అప్పుడు ఆమె ఇచ్చిన శాపం ఏమిటి? రాజ్యం పోతుందని కాదు, వంశం నశిస్తుందని కాదు. ఊహించని భయం నిన్ను ఆవహిస్తుంది అని. కారణం తెలియక కుక్కపిల్ల ఏ భయం పొందినదో దానినే రాజునకు తిరిగి ఇచ్చినది. జనమేజయుడు ఎంత కలత చెందినాడంటే, ఆ శాపశాంతి కోసం తగిన పురోహితుని వెదకుకొంటూ పోయి సోమశ్రవసుని తెచ్చుకొన్నాడు. సత్రం సక్రమంగా జరుగుతున్నది, మంత్రలోపం లేదు, హవిస్సునకు అపచారం లేదు. అయినా దోషం వచ్చినది. చిన్నప్పటి నుండి ఎరిగిన ఈ కథ నాకు కోటిలింగాల రేవు నుండి తిరిగి వచ్చిన తరువాతనే అర్థమైనది.

కుక్కకు భయం ఏమిటి, అది తిర్యగ్జంతువు, దానికి వివేకం లేదు కనుక బెదురుతుంది, మనం వివేకులం అని కొందరు అంటారు. బ్రహ్మసూత్ర భాష్యానికి పీఠికగా ఉన్న అధ్యాసభాష్యంలో శంకరభగవత్పాదులు ఈ అహంకారాన్ని మొదటనే తొలగించినారు. పశువులు చెవికి శబ్దం సోకగానే అది ప్రతికూలమైతే వెనుకకు మళ్ళుతాయి, అనుకూలమైతే ముందుకు వస్తాయి. కర్ర ఎత్తిన మనిషిని చూచి పారిపోతాయి, పచ్చగడ్డి చేత పట్టిన వానిని చూచి దగ్గరకు వస్తాయి. శాస్త్రం చదివిన మనిషి కూడ కత్తి దూసి అరుస్తూ వచ్చే బలవంతుని చూస్తే అట్లాగే మళ్ళుతాడు. వ్యవహారంలో ఇద్దరికీ భేదం లేదు అని ఆచార్యుల నిర్ణయం. యోగసూత్రాలలో పతంజలి మహర్షి కూడ అభినివేశాన్ని చెప్పేటప్పుడు, ప్రాణభయమనే ఆ క్లేశం విద్వాంసునిలో సైతం స్వరసంగా ప్రవహిస్తున్నది అన్నారు. మనకూ చిట్టికీ ఉన్న దేహాత్మభావం ఒకటే. తేడా ఏమైనా ఉంటే ఒక్కటి: ఈ చప్పుడు టపాకాయది, రేపటికి ఉండదు అని మనకు తెలుసు. దానికి తెలియదు. చీకటిలో త్రాడును చూచి పాము అని బెదరిన వానికి దీపం తెచ్చి చూపవచ్చు. శునకానికి ఏ దీపం చూపి ఇది శబ్దమాత్రమని బోధిస్తాము? బోధ సాధ్యం కాని చోట మిగిలేది అభయప్రదానం ఒక్కటే.

పైగా దాని చెవి మన చెవి వంటిది కాదు. మానవ శ్రవణం సెకనుకు సుమారు 20,000 కంపనాల వద్ద ఆగిపోతుంది; శునకం సుమారు 45,000 వరకు వినగలదు. మనం కాగితం అంటించి చెవులు మూసుకొని నిలబడతాము. ధ్వని ఎప్పుడు వస్తుందో, ఎక్కడ నుండి వస్తుందో మనకు ముందే తెలుసు. దానికి ఆ శబ్దం ఏ దిక్కు నుండి వస్తున్నదో, ఏ దిక్కుకు పోతే తప్పుతుందో తెలియదు. వణుకు, నోరు తెరచి రొప్పడం, చొంగ కారడం, తోక కాళ్ళ మధ్య ముడవడం, ఊరకే ఆవులింతలు, పెదవులు నాకుకోవడం, ఇష్టమైన తిండి ఎదుట పెట్టినా వాసన చూడకపోవడం, ఇవన్నీ భయలక్షణాలు. మొండితనం కాదు, నటన అంతకంటె కాదు.

ఆ మరుసటి సంవత్సరం మా ఊరి పశువైద్యుని దగ్గర కూర్చొని విద్యార్థి వలె అడిగి తెలుసుకొన్నాను. ఆయన తొలిమాట నన్ను ఆశ్చర్యపరచినది. భయపడే కుక్కను దగ్గరకు తీసుకొంటే భయం అలవాటు అవుతుంది, పట్టించుకోరాదు అని నేను విని ఉన్నాను. ఆ సలహా నాకు వైరాగ్యం వలె కూడ వినిపించేది. అది సరి కాదు అన్నారు ఆయన. కూర్చో అంటే కూర్చొనడం ఒక చేష్ట. తినుబండారం ఇస్తే ఆ చేష్ట బలపడుతుంది. భయం చేష్ట కాదు, అది చిత్తవృత్తి. ఓదార్పు చేత భయం పెరగదు. పిడుగుల రాత్రి తల్లి కొంగు పట్టుకొన్న బిడ్డను విదిలించి వేస్తే ధైర్యవంతుడు అవుతాడా? గద్దింపు మాత్రం తప్పక హాని చేస్తుంది, ఎందుకంటే బయట ఒక భయం ఉండగా యజమాని రెండవ భయం అవుతాడు. నేను చేసినది సరిగా అదే.

ఆయన చెప్పినవి, మేము ఆచరించి చూచినవి ఇక్కడ వ్రాస్తాను. మా ఇంటిలో వీధికి అన్నింటికంటె దూరంగా ఉన్నది నా పడకగది. పండుగకు పది రోజుల ముందు నుండి దాని పాత దుప్పటి అక్కడ పరచి, అక్కడే తిండి పెట్టడం మొదలుపెడతాము, ఆ చోటు తనదని దానికి ముందుగానే నమ్మకం కుదరాలి. ఆపద వచ్చిన తరువాత కొత్త గదిలోనికి నెట్టితే అది చెర అవుతుంది. చతుర్దశి నాడు, అమావాస్య నాడు ఎండ ఉండగానే నడకకు తీసుకొనిపోయి, పెందలకడనే అన్నం పెడతాము. మెడపట్టీకి ఫోన్ నంబరు వ్రాసిన బిళ్ళ ఉండాలి. చీకటి పడకముందే కిటికీలు మూసి, తెరలు దించి, పంకా పెద్దదిగా తిప్పుతాము. దాని ఏకధార ధ్వనిలో బయటి చప్పుడు కొంత కలిసిపోతుంది. మంచం కిందికి దూరితే బయటకు లాగరాదు. అది దాని గుహ. మనం నేల మీద కూర్చోవాలి, చేయి అందుబాటులో ఉంచాలి; దగ్గరకు వస్తే మెల్లగా, పొడవుగా నిమరాలి, రాకపోతే ఊరకే ఉండాలి. తలుపు గడియ పెట్టి మనం బయట పండుగ చేసుకొనడం తగదు.

దసరా ముందు నుండి మరొక అభ్యాసం. టపాకాయల ధ్వనిని ఫోనులో వినీ వినబడనంత మెల్లగా పెట్టి, అదే సమయంలో ఉడికించిన చిలగడదుంప ముక్కలు తినిపిస్తాము. చెవులు నిక్కించకుండ తింటున్నంత వరకే ఆ స్థాయి. రోజులు గడిచిన కొద్దీ అణుమాత్రంగా పెంచడం. ఒక్కనాడు తొందరపడి పెంచితే వారం రోజుల శ్రమ వ్యర్థం. అభ్యాసం దీర్ఘకాలం, నిరంతరం, శ్రద్ధతో జరగాలని మనం యోగశాస్త్రంలో చదువుకొన్నదే ఇది. నా చిత్తం మీద ఆ సూత్రం ఎంత పని చేసినదో చెప్పలేను కాని చిట్టి మీద పని చేసినది.

భయం మరీ తీవ్రమైనప్పుడు ఔషధం తప్పు కాదు. కాని అది పశువైద్యుడు చూచి, బరువును బట్టి నిర్ణయించినదై ఉండాలి. మన నిద్రమాత్రలు ఇవ్వడం ప్రమాదకరం. కొన్ని మత్తుమందులు ఒంటిని కదలనీయవు, లోపలి భయం అట్లాగే ఉంటుంది. నిశ్శబ్దంగా పడి ఉన్నది కనుక శాంతించినది అనుకొని మోసపోతాము. మునుపు లేని శబ్దభయం ముసలితనంలో కొత్తగా వస్తే కీళ్ళనొప్పి వంటి బాధ ఏదైనా దాగి ఉన్నదేమో చూపించాలి. మన పాఠకులు భక్తులు కనుక ఒక హెచ్చరిక: జాలితో ప్రసాదం పెట్టకండి. చక్రపొంగలిలోని ఎండుద్రాక్ష శునకానికి విషం.

ఇక మంత్రం సంగతి. ఆ తల్లికి నేను చెప్పినది ఇది: అమ్మా, తప్పక చదవండి, కాని పూజగదిలో కాదు, ఆ మంచం పక్కన నేల మీద కూర్చొని చదవండి. మంత్రార్థం శునకానికి తెలుస్తుందని నేను అనను. మెల్లని గొంతుతో, ఒకే లయలో, తొందర లేకుండ చదివేటప్పుడు మీ శ్వాస దీర్ఘమవుతుంది, మీ చేతిలో ఆందోళన ఉండదు. శునకం చదివేది మన శరీరాన్ని. నేను గొంతు చించుకొని చదివిన సహస్రనామం నా చిట్టికి ఆ రాత్రి మరొక అరుపుగానే వినబడి ఉంటుంది. ఇప్పుడు లక్ష్మీపూజ సూర్యాస్తమయానికే ముగించుకొంటాను, తరువాత గది చేరి అదే సహస్రనామం దాని పక్కన చదువుకొంటాను.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. మా పెద్దమ్మగారు సాక్షాత్తుగా అడిగినారు: "కుక్కను ముట్టుకొని సహస్రనామమా, నాయనా? మడి ఏమైనట్లు?" ఆచారం మీద నాకు చులకనభావం లేదు, ఆ గది నుండి వచ్చిన తరువాత స్నానం చేసి గాని దేవుని పెట్టెను ముట్టను. కాని ఆమె అడిగిన ప్రశ్న కొత్తది కాదు. మహాప్రస్థానిక పర్వంలో దేవేంద్రుడు ధర్మరాజును అడిగినది కూడ అదే. కుక్కను ఉంచుకొనే వారికి స్వర్గంలో చోటు లేదు, వారి పుణ్యఫలాలు హరించబడతాయి, దీనిని విడిచి రథం ఎక్కు అంటాడు. ఆక్షేపం శాస్త్రసమ్మతంగానే ఉన్నది; చేసినవాడు దేవతల రాజు. ధర్మరాజు దానిని ఖండించడు, కుక్క పవిత్రమైనదని వాదించడు. భయపడినదానిని, నన్ను నమ్మినదానిని, దుర్బలమై ప్రాణం కాపాడుకోగోరే దానిని విడువను అని మాత్రం అంటాడు. మనలో ప్రచారంలో ఉన్న పాఠం ప్రకారం, శరణాగతుని భయపెట్టడాన్ని ఆయన మహాపాతకాల వరుసలో లెక్కించి, నమ్మినవానిని విడనాడడం వాటికి సమానం అంటాడు. నేను జామచెట్టుకు కట్టినది తలుపు గీరి శరణు కోరిన ప్రాణిని. ఆ కుక్క చివరకు ధర్మదేవత అయినదని మనం కథ చెబుతాము. కాని విడువను అన్నప్పుడు ధర్మరాజునకు ఆ సంగతి తెలియదు కదా.

టపాకాయల విషయం చెప్పక తప్పదు. మా వీధిలోని ఒక యువకుడు, మంచివాడే, నన్ను నిలదీసినాడు: "ఏం మాస్టారూ, అన్ని సుద్దులూ మన పండక్కేనా? డిసెంబరు 31 రాత్రి ఎవరూ మాట్లాడరే?" అతని బాధలో న్యాయం ఉన్నది. నూతన సంవత్సరపు అర్ధరాత్రి, పెళ్ళి ఊరేగింపులు, క్రికెట్ విజయాలు, నిమజ్జనంలో గుండెలదిరే డీజేలు, అన్నీ శునకానికి ఒకటే. అయితే నా వ్రతం నా గడప దగ్గర మొదలవుతుంది. ఇతరులు మానిన తరువాత మానుతాను అనేది వ్రతం కాదు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు శబ్దం చేసే బాణాసంచా కాల్చరాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పినది మనుషుల చెవులను ఉద్దేశించి. ఆ మాత్రమైనా పాటిస్తే వీధికుక్కలకు ఒక రాత్రి నిద్ర దక్కుతుంది.

సంప్రదాయం అంటారా? మన దేశంలో బాణాసంచా చరిత్రను పరిశోధించిన పి.కె. గోడే గారు దానిని 1400 తరువాతి కాలానికి చెందినదిగా చూపినారు. దీపాల పండుగ అంతకంటె ఎంతో ప్రాచీనం. మా బాల్యంలో సందెవేళ గోగుకాడలకు నూనె గుడ్డల వత్తులు కట్టి, వెలిగించి, వీధి గుమ్మంలో నేలకు కొట్టి, కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చి తీపి తినేవారము. దివిటీలు కొట్టడం అంటే అదే, పితృదేవతలకు వెలుగు చూపడం. అందులో అగ్ని ఉన్నది, చప్పుడు లేదు. మతాబులు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు పిల్లలకు ఉండనే ఉన్నవి. లక్ష్మీదేవి బొమ్మ ముద్రించిన కాగితాన్ని ముక్కలుగా పేల్చి, ఉదయం ఆ ముక్కలను చీపురుతో ఊడ్చడం ఏ పూజావిధిలో ఉన్నదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన పొరుగున నేపాల్‌లో ఇదే నరకచతుర్దశి వేళ కుకుర్ తిహార్ పేరిట శునకాలకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, తిండి పెడతారు. ఆ తిథి మనకూ ఉన్నది. ఆ రోజు మనం వాటికి ఏమి ఇస్తున్నాము?

మా వీధికుక్కల కోసం రెండేళ్ళుగా మెట్ల కింద గోనెసంచులు పరచి, నీటి తొట్టి పెట్టి, గేటు తెరచి ఉంచుతున్నాను. పక్కింటివారికి ఇది నచ్చలేదు. మరునాడు ఆ చోటు నేనే కడిగి ముగ్గు వేయిస్తాను అని ఒప్పందం చేసుకొన్నాము. నన్ను నిలదీసిన యువకుడు నిరుడు బాంబులు కాల్చడం మానలేదు గాని, కాల్చడానికి వీధి చివరి ఖాళీ స్థలానికి వెళ్ళినాడు. నేను అడగలేదు.

చిట్టికి ఇప్పుడు చెవులు కొంత మందగించినవి. అయినా పండుగ దినాలలో మొదటి టపాకాయ పేలగానే, సాయంత్రం నాలుగు గంటలకైనా సరే, నడచి వచ్చి నా గది ముందు నిలబడుతుంది. తలుపు గీరదు. నా వంక చూస్తుంది. పుస్తకం, చాప తీసుకొని లేస్తాను.